పోయిన వస్తువుల గదిలో మైకమ్మ

ఆమెకు ఇంట్లో పెట్టిన పేరు ఒకటుంది గానీ, జీతం కాగితాల మీద తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. డ్రైవర్ల దగ్గర్నుంచి రోజూ బస్సెక్కే బడిపిల్లల దాకా అందరికీ ఆమె మైకమ్మ. కండక్టరుగా చేరిన కొత్తలోనే ఆ పేరు అంటుకుంది. వెనక మెట్టు మీద నిలబడి "ముందుకు జరగండి బాబూ, ముందంతా ఖాళీయే" అని ఆమె ఒక్క కేక వేస్తే ఆ బస్సులోవాళ్లే కాదు, పక్కన ఆగిన బస్సులోవాళ్లు కూడా ముందుకు జరిగేవాళ్లని డ్రైవర్లు చెప్పుకుని నవ్వేవాళ్లు. ఆమెకు కోపం వచ్చేది కాదు. పైగా కాస్త గర్వంగానే ఉండేది.

మొగుడు కోతమిల్లులో పనిచేసేవాడు. ఏళ్ల తరబడి రంపం మోత విని విని ఆయన చెవులు సగానికి సగం మొద్దుబారాయి. లోకంలో ఆయనకు తేటగా వినిపించే గొంతు ఒక్క పెళ్లానిదే. "మా ఆవిడ మాట నేను వినకపోవడమంటూ ఉండదు" అని అందరి దగ్గరా గొప్పలు పోయేవాడు.

అలాంటి మనిషికి గొంతు పోయింది. మొదట బొంగురు పడింది, తర్వాత చీలింది, ఆ తర్వాత నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. స్వరతంతువుల మీద కాయలు కాశాయని, తీసేయాలని డాక్టరమ్మ చెప్పింది. తీసేసింది కూడా. ఆపరేషను బాగానే జరిగింది గానీ, "ఇంక కేకలు వేసే ఉద్యోగం మర్చిపోండమ్మా. కొన్నాళ్లు అసలు మాట్లాడకండి. తర్వాత మాట్లాడినా పక్కవాళ్లకు వినిపిస్తే చాలు" అని కచ్చితంగా చెప్పేసింది. ఇంట్లో ఒకరికి చెవులు లేవు, ఒకరికి గొంతు లేదు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒక పలక కొనుక్కున్నారు.

మాట్లాడలేని కండక్టరును బస్సులో పెట్టుకోలేరు కాబట్టి, డిపో మేనేజరు ఆమెను పోయిన వస్తువుల గదికి మార్చాడు. ఆ గది డిపో వెనకవైపు, పాత టైర్లు పేర్చే చోటు దాటాక ఉంటుంది. గోడల పొడుగునా పైకప్పు దాకా ఇనుప అరలు. వాటినిండా జనం బస్సుల్లో మర్చిపోయిన సామాను. గొడుగులు, టిఫిను డబ్బాలు, హెల్మెట్లు, చేతికర్రలు, బడిసంచులు, తీగ తెగిన గిటారు, కుట్టుమిషను మూత, జత లేని చెప్పులు. ఒక్క చెప్పు బస్సులో వదిలేసి రెండో దానితో ఇంటికెలా వెళ్లారో మైకమ్మకు అంతుబట్టలేదు. తడిగుడ్డల వాసన, రబ్బరు వాసన కలిసి ముక్కు పుటాలు అదిరేవి. కటకటాల కౌంటరు వెనక ఒక బల్ల, దాని మీద ఒక కంప్యూటరు.

ఆ కంప్యూటరులో రెండు పేజీలుండేవి. ఎప్పుడో కాంట్రాక్టు మీద వచ్చిన ఒక కుర్రాడు రాసిపెట్టి, వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. ఒక పేజీలో దొరికిన వస్తువును నమోదు చేస్తారు. నగరంలోని డిపోలన్నీ అందులోనే నమోదు చేస్తాయి. రెండో పేజీ చూపిస్తుంది. ఏం చూపిస్తుందంటే, మొదటిరోజు నుంచి ఈరోజు దాకా దొరికినవన్నీ, మొదటిదే మొదట. తెరిచిన ప్రతిసారీ అన్నిటికన్నా పైన "నల్ల గొడుగు, పిడి విరిగింది" అన్న వరస వచ్చేది. ఆ గొడుగు ఏళ్లనాటిది. అక్కణ్ణుంచి కిందికి జరుపుకుంటూ ఈ వారం దాకా వచ్చేలోపు కంప్యూటరు ఆయాసపడి ఆగిపోయేది, లేదా కౌంటరు బయట ఉన్న మనిషి విసిగి వెళ్లిపోయేవాడు.

ఇంతకుముందు ఆ కుర్చీలో ఉన్న గుమాస్తా దానికి సులువైన ఉపాయం కనిపెట్టాడు. ఎవరొచ్చి ఏమడిగినా "ఇంకా రాలేదు, వచ్చే వారం రండి" అనేవాడు. మైకమ్మకు కూడా అదే నేర్పించి మరీ పదవీ విరమణ చేశాడు. ఆమెకు నోటితో చెప్పే వీలు లేదు గనక, పలక మీద రాసి చూపించేది.

ఒకరోజు రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన కళ్లజోడు కోసం మూడోసారి వచ్చాడు. పలకను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివి, "ఈ మాట చెరిపి మళ్లీ మళ్లీ రాయడం దేనికమ్మా. అలాగే ఉంచేస్తే సుద్దముక్కైనా మిగులుతుంది కదా" అన్నాడు. వెటకారంగా కూడా అనలేదు, మామూలుగానే అన్నాడు. మైకమ్మకు ఆ మాట ముల్లులా దిగింది. ఏ బస్సు ఎక్కడికి పోతుంది, ఏ స్టాపులో దిగితే ఏ సందు దగ్గరవుతుంది అని ఎవరడిగినా నోట్లోంచి మాట ఊడిపడకముందే జవాబు చెప్పిన మనిషి ఆమె. ఇప్పుడు ఎదుటివాడి వస్తువు తన వెనక అరలోనే ఉందేమో కూడా తెలియకుండా అతన్ని తిప్పి పంపుతోంది.

మేనేజరుకు చీటీ రాసింది. ఆయన మంచివాడే. "పై ఆఫీసుకు రాశానమ్మా. ప్రోగ్రాము రాసే మనిషిని పంపిస్తామన్నారు. ఎప్పుడు అంటే మాత్రం వాళ్లకే తెలియదు" అన్నాడు.

ఇక్కడ మైకమ్మ మరదలి సంగతి చెప్పాలి. తమ్ముడి భార్య. కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. క్లాసులో ఏమోగానీ, బయట మాత్రం అవసరమైతే తప్ప నోరు విప్పదు. పెళ్లైన కొత్తలో మైకమ్మ తమ్ముడితో, "మీ ఆవిడ మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేంట్రా, అంత భద్రంగా మూట కట్టుకుంటుంది" అంది. ఆమె గొంతులో రహస్యం ఎప్పుడు నిలిచింది గనక. పక్కగదిలో ఉన్న మరదలి చెవిన పడనే పడింది. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా "బాగున్నారా", "బాగున్నాం" తప్ప మూడో మాట లేదు.

ఆపరేషను తర్వాత పలకరింపుకు మరదలు పళ్లు పట్టుకుని ఒక్కతే వచ్చింది. తమ్ముడికి ఏదో పని పడింది. మైకమ్మ మొగుడు మిల్లుకు వెళ్లాడు. హాల్లో ఇద్దరాడవాళ్లూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకామె మాట్లాడలేదు, ఇంకొకామెకు మాట్లాడే అలవాటు లేదు. చివరికి మరదలికే తప్పలేదు.

"ఆఫీసులో కొత్త పని ఎలా ఉంది వదినా?"

మైకమ్మ పలక అందుకుంది. రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. పేజీ సంగతి, గొడుగు సంగతి, మాస్టారి సుద్దముక్క సంగతి, అన్నీ కక్కేసింది. సుద్దముక్క అరిగిపోయి వేళ్లకు తెల్లటి పొడి మిగిలింది. మరదలు ఓపిగ్గా పలక తరవాత పలక చదివింది.

"పేజీ అన్నీ తెస్తోందంటే, దాన్ని అన్నీ తెమ్మని ఎవరో అడిగారన్నమాట. అడిగే పద్ధతి మార్చాలి, అంతే. అది మీరే మార్చొచ్చు" అంది.

మైకమ్మ తన ఛాతీ మీద వేలు పెట్టి చూపించుకుని కళ్లు పెద్దవి చేసింది.

"మీరే వదినా. బస్సులో అంతమందిని అదుపులో పెట్టారు. దీనికంటే కష్టమా అది?"

శనివారం మధ్యాహ్నం మరదలు డిపోకు వచ్చింది. మేనేజరు అన్నీ విని, "నడుస్తున్న పేజీల జోలికి మాత్రం పోకండి. కాపీ ఒకటి తీసుకుని, దాని మీద ఎన్ని ప్రయోగాలైనా చేసుకోండి" అని ఒప్పుకున్నాడు. ఇద్దరూ కంప్యూటరు ముందు చేరారు. ఆ కుర్రాడు రాసిన స్క్రిప్టును మరదలు తెరిచింది. తెరనిండా గజిబిజి అక్షరాలు. మరదలు వాటన్నిటినీ వదిలేసి ఒక్క పంక్తి మీద వేలు పెట్టింది.

"ఇదొక్కటి చూడండి. సెలెక్ట్ స్టార్ ఫ్రమ్ వస్తువులు. సెలెక్ట్ అంటే ఏరుకురా. స్టార్ అంటే ఆ వరసలో ఉన్న వివరాలన్నీ. ఫ్రమ్ వస్తువులు అంటే వస్తువులనే పట్టికలోంచి. ఇంతే రాశాడు. ఏవి కావాలో చెప్పలేదు, అందుకని మొత్తం ఊడ్చి తెస్తోంది. దాని తప్పేం లేదు పాపం."

మైకమ్మ తలూపింది.

"ఇప్పుడు చివర వేర్ అని ఒక మాట చేరుద్దాం. అంటే షరతు. వేర్ డిపో సమానం మన డిపో."

రాసింది. పేజీ తెరిచింది. ఆయాసం లేదు, ఆగిపోవడం లేదు. తమ డిపోలో దొరికినవి మాత్రం వచ్చి కూర్చున్నాయి. మైకమ్మ కుర్చీ అంచుకు జరిగింది. పలక మీద గబగబా "కొత్తవి ముందు?" అని రాసింది. మరదలు నవ్వి, తేదీని బట్టి తిరగేసి వరస పెట్టమనే మాటలు చేర్చింది. పిడి విరిగిన గొడుగు అట్టడుగుకు పోయింది. ఇన్నాళ్లూ నెత్తికెక్కి కూర్చున్న ఆ గొడుగు కనబడకపోయేసరికి మైకమ్మకు ఒళ్లు తేలికైనట్టనిపించింది.

"డేటాబేసు వరసలన్నీ ఒక్కసారి మన పేజీలోకి దూకవు" అంది మరదలు, కింద ఉన్న ఇంకో పంక్తి చూపిస్తూ. "ఇదిగో, ఇక్కడ ఒక్కో వరసనూ దింపుకుంటాం. ఒకటి దిగాక ఇంకొకటి. ఇంకెవరూ లేరనేదాకా."

మైకమ్మ పలక మీద రాసింది: "టెర్మినల్లో జనాన్ని దింపినట్టు."

"అచ్చంగా అదే" అంది మరదలు. ఆ రోజు ఆమె పెళ్లైన ఇన్నేళ్లలో ఆడబిడ్డతో మాట్లాడినదానికంటే ఎక్కువ మాట్లాడింది. వెళ్లేటప్పుడు గొంతు ఆరిపోయిందని మంచినీళ్లడిగి మరీ తాగింది.

తర్వాత రోజుల్లో మైకమ్మ ఒక్కతే కాపీ మీద కుస్తీ పట్టింది. అనుకున్నంత సులువు కాలేదు. ఒకచోట కొటేషను గుర్తు మూయడం మర్చిపోతే పేజీ మొత్తం తెల్లగా వచ్చేది, ఒక్క అక్షరం లేకుండా. ఫోటో తీసి మరదలికి పంపేది. మరదలు ఫోనులో కూడా పొదుపరే. "కొటేషను" అని ఒక్క మాట వచ్చేది జవాబు. లేకపోతే "కామా". లేకపోతే "తేదీ ముందు అండ్ ఏదీ?" అని. ఆ ఒక్క మాటతోనే మైకమ్మ తప్పు పట్టుకునేది. పట్టుకున్నాక బల్ల మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచేది. పక్కనున్న టైర్ల విభాగంవాళ్లకు ఆ చప్పుడు అలవాటైపోయింది.

ఆమెకు ఎక్కువ పనిపెట్టింది మనుషుల రాతలు. గొడుగును ఒక డిపోవాళ్లు గొడుగు అని రాస్తే, ఇంకొకళ్లు అదే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు, మూడోవాళ్లు అంబ్రెల్లా అన్నారు, నాలుగోవాళ్లు "గోడుగు" అని దీర్ఘం తీశారు. సమానం అని అడిగితే అచ్చంగా ఆ మాటే ఉన్నవి తప్ప రావు. అప్పుడు మరదలు లైక్ అనే మాట నేర్పింది. మాటకు ముందూ వెనకా శాతం గుర్తు పెడితే, అటూ ఇటూ ఏమున్నా పట్టించుకోకుండా మధ్యలో ఆ మాట ఉన్నవన్నీ తెస్తుంది. దాంతో మైకమ్మ లెక్కల మాస్టారి కళ్లజోడు కోసం అడిగింది. కళ్లజోడు, కళ్ళజోడు, కళ్లద్దాలు, రెండు భాషల్లోనూ తనకు తోచిన మాటలన్నీ మధ్యలో ఆర్, అంటే లేదా, పెట్టి పేర్చింది. ఒక వరసలో "కళ్లద్దాలు, దారం కట్టి ఉంది" అని వచ్చింది. అర నంబరు కూడా ఉంది. లేచి చూస్తే తన కుర్చీకి చేతికందేంత దూరంలో, ఒక టోపీ కింద ఉన్నాయి.

మాస్టారు వచ్చి వాటిని పెట్టుకుని, గదంతా ఒకసారి కలయజూసి, చివరికి ఆమె మొహం చూసి, "ఇన్నిసార్లు వచ్చాను గానీ, మీరెలా ఉంటారో ఇప్పుడే చూస్తున్నానమ్మా" అన్నాడు.

అలా మొదలైంది. కాపీ పేజీ బాగా పనిచేస్తోందని మేనేజరు స్వయంగా చూసి, దాన్ని అసలు పేజీ చేయడానికి పై ఆఫీసుతో మాట్లాడి అనుమతి తెచ్చాడు. ఒక చిక్కు మాత్రం ఎదురైంది. ఎవరో వచ్చి పసిబిడ్డ బూట్ల గురించి ఇంగ్లీషులో అడిగితే, ఆ మాట మధ్యలో ఎస్ అక్షరం ముందు ఉన్న చిన్న కొటేషను గుర్తు మైకమ్మ రాసిన వాక్యాన్ని అక్కడికక్కడే తెంపేసింది. పేజీ మళ్లీ తెల్లబోయింది. ఈసారి మరదలు ఒక్క మాటతో సరిపెట్టలేదు, స్వయంగా వచ్చింది.

"జనం అడిగిన మాటను మన వాక్యంలో తిన్నగా అతికించకూడదు వదినా. ఇవాళ పొరపాటున తెగింది. రేపు ఎవడైనా కావాలనే తెంపి, తన వాక్యం దూర్చొచ్చు. వాక్యంలో ఖాళీ వదిలిపెట్టి, వాళ్ల మాటను విడిగా అందించాలి."

అప్పటికి మైకమ్మకు కాస్త గొంతు వచ్చింది, గుసగుసలాగా. "టికెట్టు ముందే అచ్చేసి, ఊరి పేరు దగ్గర ఖాళీ వదిలేస్తాం. ప్రయాణికుడు ఏం చెప్పినా ఆ ఖాళీలోనే పడుతుంది గానీ టికెట్టు మారదు. అలాగా?" అంది.

"అలాగే" అంది మరదలు. ఇద్దరూ కూర్చుని ప్రతి ప్రశ్నలోనూ ఖాళీలు పెట్టుకుంటూ వచ్చారు.

ఇంతలో ఒక శుక్రవారం పొద్దున్నే ఒక తల్లీ కూతురూ కౌంటరు దగ్గరికి వచ్చారు. తల్లి బడిలో వంటమనిషి. కూతురికి ఇరవై ఏళ్లుంటాయేమో, సన్నగా పొడుగ్గా ఉంది. నడకలో చిన్న తేడా తప్ప ఏమీ తెలియదు. తల్లి మొహం మాత్రం పీక్కుపోయి ఉంది.

"కాలు పోయిందమ్మా" అంది తల్లి.

మైకమ్మ అర్థంకాక చూసింది.

"సరిగ్గా చెప్పమ్మా" అని కూతురు ముందుకు వచ్చింది. "చిన్నప్పుడు ప్రమాదంలో నాకు మోకాలి కింద తీసేశారు పెద్దమ్మా. నడవడానికి ఇది పెట్టుకుంటాను. పరిగెత్తడానికి వేరేది ఉంది. నిన్న సాయంత్రం ప్రాక్టీసు నుంచి వస్తూ దాన్ని సంచిలో పెట్టి బస్సులో పైనున్న సామాను అర మీద పెట్టాను. జనం తోసుకొస్తుంటే దిగిపోయాను. ఆదివారం పోటీ. అది నా కొలతలకు చేయించింది, ఇంకోటి కావాలంటే నెలలు పడుతుంది. ఇందాక ఇంకో డిపోలో అడిగితే నవ్వారు."

మైకమ్మ నవ్వలేదు. కుర్చీ చూపించి కూర్చోమంది. పేజీలో "కాలు" అని కొట్టి, లైక్ పెట్టి వెతికింది. తెరనిండా వరసలు దిగాయి. చూస్తే అన్నీ పుస్తకాలు. పాఠ్యపుస్తకాలు, లెక్కల పుస్తకాలు, తడిసిన పుస్తకాలు. ఆ పిల్ల కూడా వంగి చూసింది. "పుస్తకాల్లో కాలుంది" అంది మెల్లగా, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. పుస్తకాలను తీసేసి అడిగితే కాలు విరిగిన స్టూలు ఒకటి, కాలు పట్టీలు అని రాసినవి రెండు జతలు మిగిలాయి. సంచి అని అడిగితే ఊళ్లో సంచులన్నీ వచ్చాయి.

తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మైకమ్మ చేతులు కీబోర్డు మీంచి తీసేసి ఒక్క క్షణం ఆలోచించింది. దొరికినవాడు దాన్ని ఏమని రాసి ఉంటాడో తనకు తెలియదు. తెలియని దాంతో అడిగితే ఏమొస్తుంది? తెలిసిందేంటి? ఆ పిల్ల ఎక్కిన బస్సు తెలుసు, ఎప్పుడెక్కిందో తెలుసు. "ఎక్కడెక్కావు, ఎక్కడ దిగావు?" అని గుసగుసగా అడిగింది. ఆటస్థలం దగ్గర ఎక్కి, కూరగాయల మార్కెట్టు దగ్గర దిగిందట. ఆ రూటు పెట్టి, తేదీ పెట్టి అడిగింది. రెండు టిఫిను డబ్బాలు వచ్చాయి, అంతే.

అప్పుడు వెలిగింది ఆమెకు. ఆ రూటు బండ్లను గురువారం సాయంత్రం ట్రిప్పు అయ్యాక కడగడానికి ఏటి అవతలి డిపోకు తీసుకెళతారు. కడిగేవాళ్లకు దొరికితే ఏ రూటో వాళ్లకేం తెలుస్తుంది? ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. రూటు తీసేసింది. వేర్ డిపో సమానం ఏటి అవతలి డిపో, అండ్ తేదీ నిన్నటినుంచి. ఎంటర్ నొక్కింది.

ఒక ఎర్ర శాలువా. ఒక గొడుగు. ఒక పాలసీసా. నాలుగో వరస: "కమాను పట్టీ, నల్లది, ఒకటి, సంచితో సహా." రకం అన్నచోట "బండి సామాను" అని ఉంది.

కమాను పట్టీ అంటే బస్సు కింద చక్రాల దగ్గర బరువు మోసే వంపు తిరిగిన ఉక్కు పట్టీ. డిపోలో ఇన్నేళ్లు పనిచేసిన మైకమ్మకు అది తెలియనిది కాదు. అది సంచిలో పెట్టుకుని బస్సెక్కేవాడెవడు?

"నీ కాలు ఎలా ఉంటుందమ్మా?"

ఆ పిల్ల ఫోనులో ఫోటో చూపించింది. మడమ ఉండాల్సిన చోట వెనక్కి వంగి, మళ్లీ ముందుకు సాగిన నల్లటి పట్టీ. అచ్చు కమాను పట్టీయే.

మైకమ్మ తెర మీది వరసను వేలితో చూపించింది. తల్లికి అర్థం కాలేదు. కూతురికి అయింది. కౌంటరు కటకటాలు గట్టిగా పట్టుకుంది.

మేనేజరు ఆ డిపోకు ఫోను చేశాడు. బండి సామాను కాబట్టి దాన్ని వర్కుషాపుకు పంపేశామని, అక్కడ పనికిరానివి ఉంటే మర్నాడు పాత ఇనుము లారీకి ఎక్కిస్తారని చెప్పారు. వర్కుషాపులో ఎవరూ ఫోను ఎత్తలేదు. "మీరు బయల్దేరండి, నేను ప్రయత్నిస్తూనే ఉంటాను" అన్నాడు మేనేజరు. గదికి తాళం వేసి మైకమ్మ ముందు నడిచింది. ఆ తల్లీ కూతుళ్లతో బస్సెక్కింది. బస్సులో కండక్టరు పాత స్నేహితురాలే. సంగతి విని, ఒక్క స్టాపులో కూడా అనవసరంగా ఆగనివ్వలేదు.

వర్కుషాపులో పెద్ద మెకానిక్కు ఆ నల్ల పట్టీని బల్ల మీద పెట్టుకుని తలగోక్కుంటున్నాడు. ఇనుము సామాను కుప్పలో పడేయడానికి అతనికి మనసొప్పలేదట.

"చూడక్కా, పొద్దుట్నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను" అన్నాడు మైకమ్మను చూడగానే. "దూదిలా తేలిగ్గా ఉంది, వంచితే వంగి మళ్లీ లేస్తోంది. ఇంత మంచి సరుకు ఏ బండిదో తెలియట్లేదు. ఏ బండికీ సరిపోదే."

"నా బండిదన్నా" అంది ఆ పిల్ల.

అక్కడే స్టూలు మీద కూర్చుని, నడిచే కాలు విప్పి, అది బిగించుకుంది. లేచి రెండడుగులు వేసి, వర్కుషాపు ముందున్న ఖాళీ జాగాలో, బస్సుల వరస పక్కగా, ఆ చివరి దాకా ఒక్క పరుగు తీసింది. మెకానిక్కులందరూ చేతుల్లో పానాలతో అలాగే నిలబడిపోయారు. తల్లి నేల మీద చతికిలబడి ఏడ్చింది. పెద్ద మెకానిక్కు మొహం పక్కకు తిప్పుకుని, కళ్లలో గ్రీజు పడిందని ఎవరూ అడగకుండానే చెప్పాడు.

ఆదివారం మైకమ్మ, ఆమె మొగుడు, తమ్ముడు, మరదలు ఆటస్థలానికి వెళ్లారు. ఆ పిల్ల పరుగు వంతు వచ్చింది. తుపాకీ పేలింది. మొదట్లో ఆ పిల్ల మూడో స్థానంలో ఉంది. మలుపు దగ్గర రెండో స్థానానికి వచ్చింది. అప్పుడు మైకమ్మ పక్కనుంచి ఎవరో "పద తల్లీ, పద" అని ఆటస్థలం దద్దరిల్లేలా అరిచారు. తిరిగి చూస్తే మరదలు. బెంచీ ఎక్కి నిలబడి, చున్నీ తిప్పుతూ గొంతు చించుకుంటోంది. తమ్ముడు నోరు తెరుచుకుని పెళ్లాం వైపు చూస్తున్నాడు. మైకమ్మ మొగుడికి కూడా ఆ కేక వినిపించింది. "ఎవరే అది, నీ గొంతు వచ్చేసిందా?" అని కంగారుగా అడిగాడు.

ఆ పిల్ల ఛాతీతో దారం తెంచుకుంటూ మొదట వచ్చింది. చప్పట్లు కొట్టీ కొట్టీ మైకమ్మ అరచేతులు ఎర్రబడ్డాయి. మరదలికి మర్నాటికి గొంతు పూర్తిగా పట్టేసింది. క్లాసులో బోర్డు మీద రాసి పాఠం చెప్పాల్సి వచ్చిందట.

ఈ కబురు డిపో నుంచి డిపోకు పాకి, పై ఆఫీసు దాకా వెళ్లింది. ఎప్పట్నుంచో పంపిస్తామన్న ప్రోగ్రామరు ఎట్టకేలకు వచ్చాడు. తన పేజీలో ఏం తప్పులు పడతాడోనని మైకమ్మ బెరుగ్గా పక్కన నిలబడింది. అతను పంక్తి పంక్తీ చదివాడు. ఖాళీలు వదిలిన ప్రశ్నలు చూసి తలూపాడు.

"నేను చేయాల్సిన పనిలో సగం చేసేశారు. మిగతా సగం కలిసి చేద్దామా అమ్మా?" అన్నాడు.

కలిసే చేశారు. జనం ఇంటినుంచే వెతుక్కునేలా పేజీని బయటపెట్టారు. ఒకే వస్తువుకు ఉన్న పేర్లన్నీ ఒకచోట చేర్చే పట్టిక ఇంకొకటి తయారుచేశారు. ఆ పేర్లు చెప్పింది మైకమ్మ, వాటిని వస్తువుల పట్టికతో కలిపే విద్య నేర్పింది ఆ ప్రోగ్రామరు. అన్ని డిపోల గుమాస్తాలకూ శిక్షణ ఇప్పించాలని మేనేజరు పట్టుబట్టి, ఆ పని మైకమ్మకే అప్పజెప్పాడు. మొదటిరోజు ఏటి అవతలి డిపో గుమాస్తా తనంతట తానే లేచి, "కాలును కమాను పట్టీ అని రాసిన మహానుభావుణ్ణి నేనే" అని చెప్పుకుని అందరినీ నవ్వించాడు. మైకమ్మ కూడా నవ్వి, "నువ్వు నల్లది అని కూడా రాయబట్టి సరిపోయింది, కూర్చో నాయనా" అంది.

గది ఖాళీ అవడం మొదలుపెట్టింది. గిటారు వెళ్లిపోయింది. చేతికర్రలు వెళ్లిపోయాయి. జత లేని చెప్పుల్లో కొన్నిటికి కూడా యజమానులు వచ్చారు, రెండోది ఇన్నాళ్లూ దాచుకున్నారట. కుట్టుమిషను మూత కోసం వచ్చినావిడ దాన్ని గుండెకు హత్తుకుని, "మా అమ్మది" అని మాత్రం చెప్పి వెళ్లింది. ఖాళీ అయిన అరలను టైర్ల విభాగంవాళ్లు మాకు ఇవ్వండని అడిగి, మేనేజరుతో సరేననిపించుకుని, ఒక్కొక్కటిగా మోసుకుపోయారు.

తూర్పుగోడకు ఆనుకుని ఉన్న చివరి అరను పక్కకు జరిపినప్పుడు వెనక ఒక కిటికీ బయటపడింది. ఆ గదికి కిటికీ ఉందన్న సంగతి డిపోలో ఎవరికీ గుర్తు లేదు. రెక్కలు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. టైర్లవాళ్లు నూనె తెచ్చి పోశారు, ఒకడు సుత్తితో మెల్లగా తట్టాడు. ఇద్దరు కలిసి లాగితే కిర్రుమంటూ తెరుచుకుంది. పొద్దుటి ఎండ లోపలికి వచ్చి గచ్చు మీద నలుచదరంగా పడింది. గేటు దగ్గర బయల్దేరుతున్న బస్సులు వరసగా కనిపించాయి.

మైకమ్మ కంప్యూటరు తీగ పొడుగు చూసుకుని, "ఈ బల్ల కాస్త ఇటు పట్టండి బాబూ" అంది.